ధర అడగని ప్రేమ: సికింద్రాబాద్ నుంచి దుమ్ముగూడెం దాకా

పోస్టు పెద్దగా ఉంది. మెస్సు లైన్లో నిలబడి సగం, పడుకునే ముందు సగం చదివినా సరే, కానీ మొత్తం చదవండి. ఇది రాయడానికి మాకు మూడు నెలలు పట్టింది.

మా రూంలో ఐదుగురం. ఇద్దరు ఆదివారం చర్చికి పోతారు. ఒకరి ఇంట్లో సమ్మక్క సారలమ్మ, ఒకరి ఇంట్లో సేవాలాల్ మహరాజ్. ఇంకొకడు దేవుడి సంగతి డిగ్రీ అయ్యాక చూద్దామంటాడు. ఐదుగురి ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇప్పటిదాకా మతం గురించి మా మధ్య గొడవ రాలేదు. బకెట్ గురించి వచ్చింది, ఫ్యాన్ గురించి వచ్చింది.

డిసెంబర్‌లో ఒకరోజు పక్క రూంలో ఉండే ఫస్టియర్ తమ్ముడు రాత్రి అన్నం తినలేదు. చర్ల వైపు కోయ పిల్లగాడు, వాళ్ల నాయన ఊళ్లో చిన్న ప్రార్థన గుడికి పోతాడు. ఏమైందిరా అంటే చాలాసేపు చెప్పలేదు. చివరికి చెప్పిండు. క్లాసులో ఒకడు నలుగురి ముందు అన్నాడట, "మీ తాతలు పాలపొడికి, గోధుమ రవ్వకి మతం అమ్ముకున్నోళ్లు కదరా" అని. వీడికి జవాబు దొరకలేదు. నిజంగానే అట్లా జరిగిందా, జరగలేదా, వీడికి తెలియదు. "అన్నా, మనల్ని కొన్నారా?" అని అడిగిండు.

మాకూ తెలియదు. అదీ అసలు సిగ్గు. పైగా ఇది ఒట్టి వెక్కిరింతతో పోయే మాట కాదు. మతం మారిన ఆదివాసీలను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలనే డిమాండ్ ఈమధ్య గట్టిగా వినిపిస్తోంది. 1950 నాటి ఎస్టీ ఉత్తర్వులో మతం షరతు లేదు, ఎస్సీలకు మాత్రం ఉంది. ఆ తేడా మీద పెద్ద రాజకీయం నడుస్తోంది. కాబట్టి మన తాతలకు అప్పుడు ఏం దక్కిందో, దానికి వాళ్లు ఏం ఇచ్చుకున్నారో మనకు తెలిసి ఉండాలి. చర్చికి పోయేవాళ్లకూ తెలియాలి, పోనివాళ్లకూ తెలియాలి.

ముందు ఆ మతం తన గురించి తాను ఏం చెప్పుకుంటుందో చూద్దాం. మా రూంలో చర్చికి పోయే ఇద్దరూ చెప్పింది ఇది. క్రైస్తవంలో దేవుడి ప్రేమకు గ్రీకులో అగాపే అంటారు. మనిషి మంచోడని దేవుడు ప్రేమించడు, తిరిగి ఏదో ఇస్తాడనీ ప్రేమించడు. అర్హత లేనివాడి దగ్గరికి దేవుడే దిగి వస్తాడు, ఉన్నదంతా ఇచ్చేస్తాడు, ప్రాణం కూడా. సిలువ అంటే వాళ్లకు అదే. యేసు చెప్పిన కథల్లో దొంగల దెబ్బలకు దారిలో పడి ఉన్నవాడిని ఎత్తుకెళ్లి పూటకూళ్ల ఇంట్లో చేర్పించిన సమరయుడు ఒకడున్నాడు. వాడు కిందపడ్డవాడి కులం అడగలేదు. డబ్బులు కట్టి తన దారిన తాను పోయాడు. బాగైనవాడు తర్వాత తన మతంలో కలిశాడా అన్న ముచ్చటే ఆ కథలో లేదు.

చెప్పుకోవడం తేలికే. ఏ మతమైనా తన గురించి మంచిగానే చెప్పుకుంటది. అందుకే మేం వాక్యాలు పక్కన పెట్టి చరిత్రలో వెతికాం. ప్రేమ అన్నవాళ్లు చేతికి పని వచ్చినప్పుడు ఏం చేశారు?

మనం ఉంటున్న సికింద్రాబాద్ నుంచే మొదలుపెడదాం. ఈ ఊరు 1806లో పుట్టింది, మూడో నిజాం సికందర్ జా పేరు మీద, ఇంగ్లీషు సైన్యం దండు కోసం. 1813లో కట్టిన సెయింట్ జాన్స్ చర్చి ఇప్పటికీ ఉంది. ఐరిష్ ఫాదర్ డేనియల్ మర్ఫీ 1847లో మొదలుపెట్టిన సెయింట్ మేరీస్ 1850కి పూర్తయింది. మేం రోజూ బస్సులో వాటి ముందు నుంచి పోతాం, లోపల చల్లగా ఉంటుందని తప్ప ఇంకేం తెలియదు. ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ ఊరికి చర్చి తుపాకీ వెనకాల వచ్చింది. మొదట్లో ఆ పూజలు దండు మనుషుల కోసం. చుట్టుపక్కల పల్లెల్లో ఆకలితో ఉన్నవాళ్లకు ఆ గంట వినిపించే ఉంటుంది, కానీ అది వాళ్ల కోసం మోగింది కాదు.

ఆ గీత దాటినవాళ్లలో ఒకడు చార్లెస్ వాకర్ పోస్నెట్. వెస్లియన్ మెథడిస్టు పాదిరి. 1895లో సికింద్రాబాద్ వచ్చాడు, తిరుమలగిరిలో సిపాయిల మధ్య పని. అక్కడే ఉండిపోతే ఇల్లు, జీతం, తనవాళ్ల తోడు అన్నీ ఉండేవి. పల్లెల్లోకి కదిలాడు. 1897కల్లా మెదక్ చేరాడు. హైదరాబాద్ నుంచి గుర్రం మీద రెండు రోజుల దారి అప్పుడు. ఇప్పుడు మనం జేబీఎస్‌లో బస్సెక్కితే పొద్దున పోయి సాయంత్రం మెస్సు టైముకి రావచ్చు.

అదే 1897లో ఇదే సికింద్రాబాద్‌లో ఇంకో సంగతి జరిగింది. బేగంపేటలో రోనాల్డ్ రాస్ మలేరియా గుట్టు విప్పింది ఆ ఆగస్టులోనే. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చాడు. దానివల్ల లోకానికి ఎంత మేలు జరిగిందో చెప్పక్కర్లేదు. అది తప్పు అనడం లేదు మేం. కానీ అది బేరం. ఇంత రక్తానికి ఇన్ని అణాలు. ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ లెక్క తెలుసు. మేం వెతుకుతున్నది ఈ లెక్క లేని చోటు కోసం.

మెదక్ చర్చి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. శిఖరం 175 అడుగులు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ ప్రాంతంలో కరువొస్తే, ఊరికే అన్నం పెట్టడం కాకుండా పని ఇచ్చి తిండి పెట్టాలని పోస్నెట్ ఈ కట్టడం నడిపాడు. దీని మీద మా రూంలో రెండు రాత్రులు కొట్లాట అయింది. ఒకడన్నాడు, "కరువులో చర్చి ఎందుకు? చెరువు తవ్వించొచ్చు కదా?" ఇంకొకడన్నాడు, "చేయి చాపి తినేదానికి, కూలి చేసి తినేదానికి తేడా లేదా?" మాకు రెండూ నిజమే అనిపించాయి. కూలి ఇచ్చి నిలబెట్టడం మర్యాద, ఒప్పుకుంటాం. కానీ ఆ కూలితో లేచింది ఇచ్చినవాడి గుడే. కాబట్టి మెదక్‌ని మా ప్రశ్నకు సాక్షిగా పిలవలేం. గొప్ప కట్టడం, గొప్ప పని. సాక్ష్యం మాత్రం కలగలుపు.

గట్టి సాక్ష్యం అంతకు 40 ఏళ్ల ముందు ఒంగోలులో దొరికింది.

జాన్ ఎవరెట్ క్లౌ అమెరికన్ బాప్టిస్టు. ఇక్కడికి రాకముందు వాళ్ల దేశంలో భూములు కొలిచే సర్వే పని చేసినవాడు. 1866లో ఒంగోలు చేరాడు. ఫలితం లేదని ఆ మిషన్‌ని మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు అంతకుముందే పలుమార్లు చర్చించారు. ఆ ఏడాదే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం తీసుకున్నాడు, ఆయన వెనక మాదిగ పల్లెలు కదలడం మొదలైంది. అప్పుడు ఒంగోలు పెద్ద కులాలవాళ్లు క్లౌ దగ్గరికి వచ్చి, మాదిగలను చేర్చుకోవడం ఆపితే మేం వస్తాం అన్నట్టు మాట్లాడారు. మత ప్రచారకుడికి ఇంతకంటే లాభమైన బేరం ఉంటుందా? ఊరి పెద్దలు వస్తే ఊరంతా వస్తుంది. క్లౌ ఆపలేదు. వాళ్లు దూరమయ్యారు.

అసలు పరీక్ష 1876లో వచ్చింది. మన పుస్తకాల్లో ధాత కరువు అని ఒక్క లైనులో ఉంటుంది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చిపోయారు. ఆకలి పోతే కలరా, కలరా పోతే మశూచి. సర్కారు కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్వించింది. అక్కడికి పనికి పోయిన మాదిగలకు మేస్త్రీల దగ్గర తిట్లు, కూలిలో కోతలు. అప్పుడు క్లౌ మూడున్నర మైళ్ల కాలువ తవ్వకం తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. పాత సర్వే చదువు అక్కడ పనికొచ్చింది. తన దగ్గర ఉన్న తెలుగు బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. జనం దూరదూరం నుంచి పిల్లలను భుజాన వేసుకుని వచ్చారు. పాకలు వేశారు, బావులు తవ్వారు, కూలి చేతికి అందింది. పొద్దంతా మట్టి తవ్వడం, మధ్యలో కూర్చున్నప్పుడు బోధకుల మాటలు వినడం.

ఆ జనం బాప్తిస్మం ఇమ్మన్నారు. క్లౌ ఇవ్వలేదు.

ఈ ముక్క చదివినప్పుడు మా రూంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఏడాదికి పైగా, కరువు సాయం నడిచినంత కాలం, ఒక్కరికీ బాప్తిస్మం వద్దని నిర్ణయించుకున్నాడు. ఎందుకంటే, అన్నం పెట్టే చెయ్యి, నీళ్లలో ముంచే చెయ్యి ఒకటే అయితే మనిషి ఎందుకొచ్చాడో ఆ మనిషికే తెలియకుండా పోతుంది. ఆకలితో ఉన్నవాడి ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. మనల్ని వెక్కిరించేవాళ్లు ఇప్పుడు చెప్పే మాటని 1877లో ఆ పాదిరే ముందు తనకు తాను చెప్పుకున్నాడు. అమెరికాలో ఆయనకు డబ్బు పంపేవాళ్లు లెక్కలు అడుగుతారు కదా, ఎంతమంది చేరారు అని. ఆ లెక్క ఖాళీగా ఉంచాడు.

1878లో సాయం ముగిసింది. ఇక పని లేదు, డబ్బు లేదు, ఇళ్లకు పొండి అని చెప్పినా గుంపులు కదలలేదు. అప్పుడు ఒప్పుకున్నాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున మార్చి మార్చి నీళ్లలో దిగి ఇచ్చారు. క్లౌ ఆరోజు ఒక్కరికి కూడా తన చేత్తో ఇవ్వలేదు.

మా దేవుడి సంగతి తర్వాత చూద్దామనే మిత్రుడు ఇక్కడ అడ్డం తిరిగాడు. "కృతజ్ఞత కూడా ధరే కదా? ప్రాణం నిలబెట్టినోడు ఏం చెప్పినా వింటాం" అన్నాడు. కరెక్టే. ఆ 2,222 మంది మనసులో ఏముందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. గౌరవం కోసం వచ్చినవాళ్లు ఉంటారు, చదువు కోసం వచ్చినవాళ్లు, పేరయ్యను చూసి వచ్చినవాళ్లు ఉంటారు, నిజంగా నమ్మినవాళ్లూ ఉంటారు. తీసుకున్నవాళ్ల మనసుని కొలిచే పని మాది కాదు. ఇచ్చినవాడు ధర పెట్టాడా లేదా అన్నది మాత్రం కొలవొచ్చు. ప్రతి మిషనరీకీ జనం తన దేవుణ్ణి నమ్మాలనే కోరిక ఉంది. దాన్ని దాచలేదు, దాచితే అది అబద్ధం అయ్యేది. కోరిక ఉండడం వేరు, దాన్ని అన్నానికి ధరగా పెట్టడం వేరు. మా వాదన అంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది.

సరే, ఆకలి తీరినవాడు రేపు పని చేస్తాడు, చర్చి కడతాడు, ఏదో ఒకటి తిరిగి వస్తుంది. ఏమీ తిరిగి రాని చోట ఎవరైనా నిలబడ్డారా? దీనికి సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ పోయే రైలెక్కాలి. మన్మాడ్ లైను. నిజామాబాద్‌కి కాస్త ముందే డిచ్‌పల్లి స్టేషన్ వస్తుంది.

ఇసబెల్ కెర్ స్కాట్లాండ్ డాక్టర్. 1903లో ఆబర్డీన్‌లో మెడిసిన్ పూర్తి చేసింది. ఆడవాళ్లు డాక్టర్లు కావడమే అబ్బురమైన కాలం అది. భర్త జార్జ్ కెర్ పాదిరి. 1907లో ఇద్దరూ హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. ఆమె నిజామాబాద్ ఆసుపత్రిలో పని చేసేటప్పుడు కుష్ఠు రోగులు వచ్చేవారు, వాళ్లను పెట్టుకోవడానికి చోటు లేదు. అప్పటి కుష్ఠు అంటే మనకు ఊహ అందదు. ఇంట్లోంచి పంపేస్తారు, ఊళ్లోంచి పంపేస్తారు, బావి ముట్టనివ్వరు, చస్తే మోసేవాళ్లుండరు. మందు లేదు. వాళ్లను చేర్చుకుంటే చర్చికి పేరొస్తుందా? పక్కన కూర్చోవడానికే జనం భయపడతారు. వాళ్లు చందా ఇవ్వరు, కూలి చేయలేరు, పది మందిని వెంటబెట్టుకురాలేరు. లాభం కోసం పోయేవాడు పోయే చోటు కాదది.

1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి తెరిచారు. దానికి పెద్ద మనసుతో సాయం చేసింది రాజా నర్సాగౌడ్ అనే నిజామాబాద్ హిందూ దాత. ఈ సంగతి మాకు చాలా నచ్చింది. క్రైస్తవ ప్రేమ అని మొదలైన పనిలో హిందువు సొమ్ము కలిసింది, అది కూడా ముస్లిం రాజు రాజ్యంలో. ప్రేమకి ఒకే మతం పేటెంట్ లేదు అనడానికి మాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ కనబడలేదు.

తర్వాత చాల్‌మూగ్రా జాతి గింజల నూనెను సూదిమందుగా ఇచ్చే వైద్యం వచ్చింది. ఇప్పటి మాత్రల్లాంటిది కాదు. నెలల తరబడి సూదులు, నొప్పి, వాపు. అందరికీ తగ్గేదీ కాదు. అయినా ఏమీ లేని చోట అదే ఆశ. రోగులు ఏళ్లకేళ్లు అక్కడే ఉండేవారు కాబట్టి ఆసుపత్రి కాస్తా ఊరులాగా అయింది. ప్రార్థనలూ జరిగేవి, మిషన్ ఆసుపత్రి కదా. కానీ ఆ వైద్యం పొందడానికి ఆ సూది నొప్పి భరించడం తప్ప ఇంకో ధర లేదు. ఇసబెల్‌కి 1923లో కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932లో చనిపోయింది. కుష్ఠును నిజంగా వంచిన డాప్సోన్ మందు 1940లలో గానీ రాలేదు. అంటే ఆమె పనిచేసిన ఏళ్లలో గెలుపు ఖాయం అని చెప్పే ఆధారం ఏదీ ఆమె చేతిలో లేదు.

ఇక మనవాళ్ల దగ్గరికి వద్దాం. ఇంతసేపూ "మన ముచ్చట ఎక్కడ" అని మీరు అనుకునే ఉంటారు.

భద్రాచలం దాటి గోదారి ఒడ్డున దుమ్ముగూడెం ఉంది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత గోదావరి మీద పైదాకా పడవలు నడపాలని పెద్ద పథకం వేశాడు. ఆ పనుల మీద దుమ్ముగూడెంలో ఉన్న ఇంజినీరు కెప్టెన్ హేగ్. ఆనకట్ట కట్టిస్తూ చుట్టూ ఉన్న కోయలను చూశాడు, 1860ల మొదట్లో అక్కడ చర్చ్ మిషనరీ సొసైటీ పని మొదలవడానికి ఆయనే కారణం. ఆ పనుల్లోనే ఉద్యోగం చేస్తున్న వెంకటరామరాజు అనే తెలుగాయన హేగ్ వల్ల క్రైస్తవుడై, ఉద్యోగం వదిలేసి కోయల మధ్య బోధకుడిగా ఉండిపోయాడు. మనం దొర పేర్లే గుర్తుపెట్టుకుంటాం. మా లెక్కలో ఈయన వదులుకున్నది ఎక్కువ. దొరకు వెనక్కి పోవడానికి సొంత దేశం ఉంది, అక్కడ మర్యాద కూడా ఉంది. రాజులు కులంలో పుట్టి, ఆ కులాన్నీ సర్కారు కొలువునీ వదిలి, జ్వరాల అడవిలో కోయ గుడిసెల మధ్య కూర్చున్న మనిషికి వెనక్కి పోయే చోటు ఏది?

ఇప్పుడు ఒకటి గమనించండి. ఆ పడవల పథకం దండగ అని సర్కారు 1871లో వదిలేసింది. డబ్బు పోయింది, లాభం రాలేదు, ఇంజినీర్లు పోయారు. మిషన్ మాత్రం పోలేదు. 1870లలో వచ్చిన జాన్ కెయిన్ పాదిరి ఏళ్లకేళ్లు అక్కడే గడిపాడు. అక్కడేమైనా ఒంగోలులో లాగా వేలమంది చేరారా అంటే లేదు. మన కోయలు మన వేల్పులనే మొక్కారు, మన పండుగలే చేసుకున్నారు. చేరినవాళ్లు కొద్దిమందే. లాభం చూసుకునే సర్కారు పోయిన చోట, ఫలితం పెద్దగా రాని వీళ్లు ఉన్నారు. ఇది మాకు 2,222 కంటే పెద్ద సాక్ష్యంగా తోచింది.

అయినా దుమ్ముగూడెంని దేవుడి పటంలాగా గోడకి తగిలించేయలేం. 1879లో రంప పితూరీ లేచింది. కల్లు మీద పన్ను, అడవి మీద ఆంక్షలు, మన్సబ్‌దారు దోపిడీ. ఆ మంట భద్రాచలం ఏజెన్సీలో రేకపల్లి దాకా వచ్చింది. మన తాతల అడవిని గుంజుకున్న జెండా కిందనే ఆ పాదిరి బడి నడిచింది. బడిలో పలక ఇచ్చిన తెల్లచేయి, పోడు కొట్టినందుకు కేసు పెట్టిన తెల్లచేయి కోయవాడికి వేరువేరుగా కనబడ్డాయా? కనబడి ఉండవు. కెయిన్ మన గురించి 1876 నుంచి ఇండియన్ ఆంటిక్వరీ అనే పత్రికలో రాశాడు, మన పెళ్లిళ్లు, వేల్పులు, నమ్మకాలు అన్నీ. 1909లో థర్స్టన్ తన కులాలు తెగల పుస్తకంలో ఆ రాతలు వాడుకున్నాడు. అవి లేకపోతే కొన్ని సంగతులు మనకే మిగిలేవి కావు. కానీ చదువుతుంటే మనం మాట్లాడుతున్నట్టు ఉండదు, మనల్ని ఎవరో పైనుంచి చూస్తున్నట్టు ఉంటుంది. ధర అడగకుండా ఇచ్చినా, ఇచ్చేవాడు కుర్చీలో, తీసుకునేవాడు నేల మీద ఉంటే ఆ ప్రేమలో ఏదో తక్కువే.

ఈ మాట మేం కొత్తగా చెప్పడం లేదు. డోర్నకల్ బిషప్ అజరయ్య 1910లోనే ఎడిన్‌బరోలో, ప్రపంచ మిషనరీలందరూ కూర్చున్న సభలో చెప్పాడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తమిళుడు. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో సొంతంగా పెట్టుకున్న మిషన్ తరఫున 1909లో మన డోర్నకల్ వచ్చాడు. తెల్లవాళ్ల డబ్బు లేదు, అక్కడి మనవాళ్లు కూడబెట్టిన డబ్బే. తెలుగు నేర్చుకుని పల్లెల్లో తిరిగాడు. ఎడిన్‌బరోలో ఆయన చెప్పిన దాని సారం ఇది. మిషనరీలు ప్రాణాలు ఇచ్చారు, ఆస్తులు ఇచ్చారు, అందుకు భారత క్రైస్తవులు తరతరాలు రుణపడి ఉంటారు. కానీ తమతో కలిసి కూర్చుని తినే, చేయి కలిపే స్నేహితులు కావాలి. సభలో చాలామందికి కోపం వచ్చింది. 1912 డిసెంబర్ 29న అదే మనిషి ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠ చేసిన ఆయన చర్చిని చూస్తే గుడి పోకడ, మసీదు పోకడ రెండూ కనిపిస్తాయి. మానుకోట వైపు తండాల నుంచి వచ్చే మన లంబాడా మిత్రులు ఆ స్టేషన్‌లో రైలు మారే ఉంటారు. ఈసారి దిగి చూడండి, టీ తాగే టైంలో అయిపోతుంది.

అజరయ్య మాటతో మా రూంలో చర్చ మన హాస్టళ్ల మీదికి మళ్లింది. మనం తినే ఈ అన్నం సర్కారుది. మన హక్కు అది, ఎవరి ప్రేమా కాదు. హక్కు రాకముందు ఏజెన్సీలో చాలాచోట్ల పలక పట్టించింది మిషన్ బడులే, అదీ నిజం. ప్రేమగా వచ్చినదాన్ని తర్వాత హక్కుగా అడగగలిగాం అంటే అందులో చదువు పాత్ర లేదనలేం. అలాగని హక్కు వచ్చాక ప్రేమ అక్కర్లేదా? మా సమ్మక్క మిత్రుడు ఒక్కటే అన్నాడు, "సమ్మక్క కూడా ఎవరి దగ్గరా ఏం తీసుకోలేదు రా. జనం కోసం పోరాడి గుట్ట మీదికి పోయింది, కుంకుమ భరిణె మిగిలింది." చర్చి మిత్రులు దానికి ఎదురు చెప్పలేదు. బెల్లం ఎత్తుకెళ్లేది మనమే కదా, ఆమె అడగలేదు.

ఇంత చదివాక ఆ ఫస్టియర్ తమ్ముడిని పిలిచి అన్నీ చెప్పాం. క్లౌ సంగతి శ్రద్ధగా విన్నాడు. కుష్ఠు ఆసుపత్రి గురించి రెండు ప్రశ్నలు అడిగాడు. చివరికి, "ఇవన్నీ సరే అన్నా, మా ఇంట్లో ఏం జరిగిందో ఎట్ల తెలుస్తది?" అన్నాడు. మంచి ప్రశ్న. ఇంటికి ఫోన్ చెయ్ అన్నాం. వాళ్ల నానమ్మ ఉంది, చర్చికి పోదు. కొడుకు పోతే పోనీ అంటుంది, తను మాత్రం కొత్తల పండుగ చేసి వేల్పుకు పెట్టనిదే కొత్త గింజ ముట్టదు.

సిగ్నల్ దొరకడానికి రెండు రోజులు పట్టింది. స్పీకర్ పెట్టి అందరం చుట్టూ కూర్చున్నాం. వాళ్లిద్దరూ కోయలో మాట్లాడుకున్నారు, వాడు మాకు తెలుగులో చెప్పాడు. పాలపొడి ఇచ్చారా నానమ్మా అని అడిగితే ఆమెకు గుర్తులేదు. గుర్తున్నది ఇంకోటి. ఆమెకు చిన్నప్పుడు, అంటే పెళ్లికి ముందు, ఒళ్లంతా జ్వరం వచ్చి ఊరవతల పాకలో పెట్టారట. వాగు దాటి తెల్లచీర సిస్టరమ్మ ఒకామె రోజూ నడిచి వచ్చేదట. మాత్రలు మింగించి, గంజి తాగించి, చీకటి పడకముందే మళ్లీ వాగు దాటి పోయేది. ఎన్ని రోజులో లెక్క తెలియదు. జ్వరం తగ్గాక ఆమె రావడం ఆపేసింది. మళ్లీ ఎప్పుడూ కనబడలేదు.

"ఆమె దేవుడి గురించి ఏమైనా చెప్పిందా?" అని అడిగాడు వాడు.

అవతల నానమ్మ నవ్వింది. మా అందరికీ వినబడింది. వాడు కాసేపు ఆగి మాకు చెప్పాడు: "ఏం చెప్తది, ఆమెకు కోయ రాదు, నాకు ఆమె భాష రాదు అంటుంది అన్నా. కేరళ నుంచి వచ్చిందని తర్వాత ఎవరో చెప్పారట."

తర్వాత నానమ్మే వాణ్ణి అడిగింది. నువ్వు పట్నంలో ఉన్నావు కదా, అక్కడ తెల్లచీరల సిస్టరమ్మలు ఉంటారు కదా, ఆమె ఏమైనా కనబడిందా అని. బతికి ఉంటే తనకంటే పదిహేనేళ్లు పెద్దదై ఉంటుందట. పేరు తెలియదు. ఎడమ చేతికి నల్లతాడుతో వాచీ ఉండేదట.

మీ ఊళ్లల్లో ముసలివాళ్లు ఉంటే అడిగి రాయండి. మంచి చెప్పినా రాయండి, చెడ్డ చెప్పినా రాయండి. చర్ల, దుమ్ముగూడెం, వాజేడు, వెంకటాపురం వైపు వాళ్లు ముఖ్యంగా. ఆ వాచీ సిస్టరమ్మ గురించి ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వాడు సెలవులకు ఇంటికి పోతున్నాడు.